తొడిమలు తీస్తూ విన్న పుస్తకాలు

శివరాత్రి వెళ్లిందంటే మా వీరులపాడు వైపు ఏ ఇంటి పంచలో చూసినా మిరపకాయలే. ఏడాదికి సరిపడా కారం కొట్టించుకోవాలంటే ఎన్ని పనులని! కాయ గలగలమనేదాకా ఎండబెట్టాలి, తాలు కాయలు ఏరెయ్యాలి, తొడిమలు తీయాలి, ఆ తరవాతే మిల్లు. ఇంటిపనుల్లో మనసు పెట్టి చేసేవి కొన్ని, చేతులు పెడితే చాలేవి కొన్ని. తొడిమలు తీయడం రెండో రకం. చేతులు వాటంతటవే పోతుంటాయి, నోరు ఖాళీగా ఉండలేదు. అందుకే ఆ నాలుగు మధ్యాహ్నాలూ ఊళ్లో వాళ్లందరి సంగతులూ మా పంచలోకే వచ్చి చేరతాయి.

ఈసారి అలా జరగలేదు. మొదటిరోజే కరెంటు పోయింది. టీవీ లేదు. మా అత్తయ్యగారు ఉన్నట్టుండి, "అమ్మాయ్, రాత్రిళ్లు లైటేసుకుని ఏందో చదువుతుంటావుగా, అదేందో మాకూ చదివి పెట్టరాదూ?" అన్నారు. ఎగతాళి చేస్తున్నారేమో అనుకున్నాను. నేను పుస్తకం పట్టుకుంటే ఆవిడ ముఖం అదోలా పెట్టడం నాకు పాతికేళ్ల నుంచీ తెలిసిందే! కానీ ఆవిడ నిజంగానే అడిగారు. పక్కింటి వదిన, ఎదురింటి పిన్నిగారు కూడా సరే అన్నారు. బేరం ఏమిటంటే, నేను చదవాలి, నా వంతు తొడిమలు వాళ్లు తీయాలి. కారం చేతులతో పేజీలు తిప్పలేం కదండీ!

అలా మొదలైన చదువు మిరపకాయలు అయిపోయినా ఆగలేదు. చింతపండు గింజలు తీసేటప్పుడూ సాగింది, ఇప్పటికీ సాగుతోంది. ఈ మూడు నెలల్లో ఆరు పుస్తకాలయ్యాయి. ఒకదానికీ ఇంకోదానికీ పోలిక లేదు. నేను ఇంటర్‌తో చదువు ఆపేసినదాన్ని, విమర్శలు రాయడం నాకు చేతకాదు. ఏ పుస్తకం చదివితే మా పంచలో ఏం జరిగిందో అది మాత్రం చెబుతాను. ఎక్కువ తక్కువలుంటే మీరే సర్దుకోండి.

ముందు కాస్త నవ్వు

వినేవాళ్లు పారిపోకూడదని ముందు మొక్కపాటి నరసింహశాస్త్రి గారి 'బారిష్టర్ పార్వతీశం' తీశాను. మొదటి భాగం 1924లో వచ్చింది, అంటే వందేళ్లు దాటింది. మొగల్తూరు కుర్రాడొకడు ఇంట్లో చెప్పకుండా ఇంగ్లండు బయల్దేరతాడు. మద్రాసులో దొరల టోపీ అనుకుని ఆడవాళ్ల టోపీ కొనుక్కుంటాడు. అక్కడ మా పిన్నిగారు నవ్వి నవ్వి చేట పక్కన పెట్టేశారు.

రాత్రి వంటింట్లో తలుచుకుంటే నాకు ఇంకోటి తట్టింది. పెళ్లయిన కొత్తలో నేను మొదటిసారి హైదరాబాద్ వెళ్లినప్పుడు ఎస్కలేటర్ ముందు చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని నిలబడ్డాను. మా వారు ఆ సంగతి పదేళ్లపాటు వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వించారు. నాకు ప్రతిసారీ తల కొట్టేసినట్టుండేది. పార్వతీశం అయితే తన సంగతి తనే చెప్పుకుని నవ్విస్తాడు. ఎవరో నవ్వకముందే మనమే చెప్పి నవ్వేస్తే ఆ సిగ్గు సగం పోతుంది కాబోలు. మర్నాడు ఎస్కలేటర్ కథ పంచలో నేనే చెప్పాను. అందరూ నవ్వారు. ఈసారి నాకు ఏమీ అనిపించలేదు.

ఏటికి అవతలి ఒడ్డు కథలు

తరవాత సత్యం శంకరమంచి గారి 'అమరావతి కథలు'. మొత్తం నూరు కథలు. 1975 నుంచి ఆంధ్రజ్యోతి వారపత్రికలో వారం వారం వచ్చాయి, బాపు గారి బొమ్మలతో. 1990ల్లో శ్యామ్ బెనెగళ్ గారు వీటిలో కొన్నింటిని హిందీలో టీవీకి తీశారు. మనకైతే అమరావతి ఎక్కడో లేదు, కృష్ణకి ఆ ఒడ్డున ఉంది. మన జగ్గయ్యపేటకి తండ్రి పేరు పెట్టిన వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు ఏలింది ఆ అమరావతి నుంచే.

ఒక్కో కథా మూడు నాలుగు పేజీలు, అంతే. పొయ్యి మీద పప్పు ఉడికేలోపు అయిపోతుంది. ఇంటిపని మధ్యలో చదువుకునేవాళ్లకి ఇంతకన్నా వీలైన పుస్తకం నాకు కనపడలేదు. మొదటి కథ పేరు 'వరద'. కృష్ణ పొంగి ఊరు మునిగితే ఎక్కువ కులమని, తక్కువ కులమని మనుషులు కట్టుకున్న గోడలు కూడా నీళ్లలో కలిసిపోతాయి.

అది చదవగానే అందరూ 2024 వరదల్లోకి వెళ్లిపోయారు. ఆ సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి నీరొచ్చింది. అంతకుముందు ఏడాది, 2023 జులైలో, మున్నేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరం వద్ద హైదరాబాద్ రోడ్డే ఆగిపోయింది. వదిన వాళ్ల బంధువులు రెండు రాత్రులు ఎవరింట్లోనో తలదాచుకున్నారట. "వాళ్లెవరో ఏమిటో అడగలేదు, పెట్టింది తిన్నాం. నీళ్లు తీశాక వాళ్లింటికి మళ్లీ వెళ్లలేదు" అంది వదిన. అని కాసేపు మాట్లాడలేదు. తరవాత, "వచ్చే ఆదివారం వెళ్లి రావాలి, కాసిని పచ్చళ్లు పట్టుకుని" అంది. నిజంగానే వెళ్లొచ్చింది కూడా.

డాక్టరు దగ్గర లేనప్పుడు

మూడోది కథల పుస్తకం కాదు. 'వైద్యుడు లేని చోట' అని డేవిడ్ వెర్నర్ అనే అమెరికా ఆయన రాసినదానికి తెలుగు, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వాళ్లు వేశారు. ఆయన మెక్సికో కొండ పల్లెల్లో ఏళ్ల తరబడి పనిచేసి, డాక్టరు అందుబాటులో లేని ఊళ్ల కోసం రాశారు. నిండా బొమ్మలే. చదువు అంతంతమాత్రంగా వచ్చినవాళ్లకి కూడా తెలుస్తుంది.

దీన్ని చదువుతున్న రోజుల్లోనే పిన్నిగారి మనవడికి విరోచనాలు పట్టుకున్నాయి. రెండేళ్ల పిల్లాడు. "నీళ్లు పడితే ఇంకా ఎక్కువవుతాయి, ఏమీ పట్టకండి" అని పిన్నిగారు. మా అత్తయ్యగారిదీ అదే మాట. పుస్తకం సరిగ్గా దీనికి ఎదురు చెబుతుంది. ఒంట్లోంచి పోయే నీటిని వెంటవెంటనే మళ్లీ అందించాలి, తల్లి పాలు మానిపించకూడదు, తిండి ఆపకూడదు. నేను పుస్తకం తెరిచి బొమ్మ చూపించాను. పెద్దవాళ్లతో వాదిస్తే వినరు గానీ బొమ్మ చూపిస్తే చూస్తారు. ఓఆర్ఎస్ పొట్లం తెప్పించి, పొట్లం మీద రాసిన కొలతకి నీళ్లు పోసి, చెంచాతో కొద్దికొద్దిగా పట్టించాం. ఆ సాయంత్రమే డాక్టరుకి కూడా చూపించారు. మూడో రోజుకి పిల్లాడు పంచలో మిరపకాయల మీదికి పాకుతున్నాడు!

పొట్లం దొరక్కపోతే, కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో 6 చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా, తలకొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం, కాబట్టి ఉజ్జాయింపుగా వేయకండి. కళ్లు లోపలికి పోయినా, ఏడిస్తే కన్నీళ్లు రాకపోయినా, మూత్రం ఆగినా, మగతగా పడి ఉన్నా, విరోచనంలో రక్తం పడినా ఇంట్లో కూర్చోకుండా ఆస్పత్రికి పరుగెత్తాల్సిందే.

ఒక్క మాట. ఆ పుస్తకం రాసి చాలా ఏళ్లయింది. అందులో మందుల పేర్లూ మోతాదులూ చూసి సొంతంగా వాడకండి, అవి మారిపోయాయి. శుభ్రం, తిండి, ఎప్పుడు ఆస్పత్రికి వెళ్లాలి అన్నవి మాత్రం ఈనాటికీ పనికొస్తాయి.

ఏడు తరాల పేర్లు

నాలుగోది 'ఏడు తరాలు'. అమెరికాలో అలెక్స్ హేలీ అనే నల్లజాతి రచయిత 1976లో రాసిన 'రూట్స్'కి సహవాసి గారి తెలుగు. చదువుతుంటే అనువాదం అన్న సంగతే గుర్తుకు రాదు. కుంటా కింటే అనే ఆఫ్రికా కుర్రాడు డోలు చేసుకోవడానికి చెట్టు దుంగ కోసం అడవికి వెళితే, పట్టుకుని ఓడలో వేసి అమెరికాలో అమ్మేస్తారు. పారిపోబోతే పాదం నరికేస్తారు. అతని కూతురు కిజ్జీ దొంగచాటుగా నాలుగక్షరాలు నేర్చుకుంటుంది. ఆ అక్షరాలతోనే, తను ఇష్టపడిన కుర్రాడు పారిపోవడానికి చీటీ రాసిస్తుంది. ఆ నేరానికి పదహారేళ్ల పిల్లని తల్లిదండ్రుల దగ్గర్నుంచి లాక్కుని వేరేచోటికి అమ్మేస్తారు. అక్కడ నా గొంతు పెగల్లేదు. మా వదినకి చదువు రాదు, కాబట్టి అందుకుని చదివేవాళ్లు లేరు. మంచినీళ్లు తాగొచ్చి మళ్లీ చదివాను.

ఇందులో చెప్పిన వంశవృక్షం అంతా నిజమేనా అని తరవాత పరిశోధకులు గట్టిగానే అడిగారు. వేరే రచయిత నవల్లోంచి కొన్ని భాగాలు తీసుకున్నారని కోర్టులో కేసు కూడా పడితే 1978లో రాజీ చేసుకున్నారు. అదీ తెలిసి చదవడం మంచిది. కానీ బానిసల ఓడలూ సంతలూ అబద్ధం కాదు కదా.

పుస్తకం మూశాక నేను ఊరికే ఓ మాట అన్నాను. "అంత కష్టంలోనూ వాళ్లు తాతల పేర్లు పిల్లలకి చెప్పుకున్నారు. మనకి ఏడు తరాల పేర్లు వచ్చా?" మా అత్తయ్యగారు మగవాళ్ల పేర్లు ఐదు తరాల దాకా గడగడా చెప్పేశారు. పొలం కాగితాల్లో ఉంటాయిగా! "మరి ఆడవాళ్లవో?" అన్నాను. అమ్మ పేరు, అమ్మమ్మ పేరు, నాయనమ్మ పేరు. అక్కడితో ఆగిపోయారు. నాయనమ్మ తల్లి పేరు ఆవిడకి తెలీదు. పిన్నిగారికి రెండు తరాలే వచ్చాయి. మరి నాకు? మా నాయనమ్మని అందరూ 'మామ్మ' అనేవాళ్లు. ఆవిడ పేరు కోసం ఆ రాత్రి మా అన్నయ్యకి ఫోను చేయాల్సొచ్చింది. చెప్పడానికి సిగ్గుగా ఉంది.

మీరూ ఒకసారి లెక్క పెట్టుకోండి. ఎన్ని పేర్లు వస్తాయో చూడండి.

పంచలో బయటపడిన పేరు

ఐదో పుస్తకం గురించే నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది. కొండపల్లి కోటేశ్వరమ్మ గారి ఆత్మకథ 'నిర్జన వారధి'. ఆవిడ మన కృష్ణా జిల్లా మనిషే, 1918లో పామర్రులో పుట్టారు. నాలుగైదేళ్ల వయసులో పెళ్లి, ఊహ తెలియకుండానే వైధవ్యం. తరవాత కొండపల్లి సీతారామయ్య గారితో పెళ్లి, కమ్యూనిస్టు పార్టీ, పాటలు, నాటకాలు, పోలీసుల కంటబడకుండా తల దాచుకున్న రోజులు. ఇద్దరు పిల్లలు పుట్టాక ఆయన వదిలేసి వెళ్లిపోయారు. అప్పుడావిడ ముప్పై అయిదేళ్ల వయసులో హైదరాబాదులో ఆంధ్ర మహిళా సభలో చేరి, చిన్నపిల్లల మధ్య కూర్చుని మెట్రిక్ చదివారు. ఆ చదువుతో కాకినాడలో హాస్టల్ మేట్రన్ అయి తన కాళ్ల మీద తను నిలబడ్డారు. కొడుకూ కూతురూ ఇద్దరూ ఆవిడ కళ్లముందే పోయారు. మనవరాళ్లని చూసుకుంటూ బతికారు. ఈ పుస్తకం 2012లో వచ్చేనాటికి ఆవిడకి తొంభై దాటాయి. నిండా నూరేళ్లు బతికి 2018లో పోయారు.

ఇంత జరిగితే మనమైతే గుండెలు బాదుకుంటాం. ఆవిడ ఎక్కడా బాదుకోలేదు. పక్కింట్లో కూర్చుని చెబుతున్నట్టు చెప్పుకుపోతారు. పార్టీవాళ్ల పేర్లు వరసగా వచ్చేచోట మావాళ్లు తికమకపడ్డారు, నేను కొన్ని పేజీలు దాటించాను, అబద్ధం ఎందుకు! వయసు మళ్లాక సీతారామయ్య గారు ఆవిడని చూడాలని కబురు చేసే ఘట్టం దగ్గర మా పంచలో పెద్ద వాదన జరిగింది. "చూడక్కర్లేదు" అని వదిన. "చివరి దశలో పంతాలేమిటి?" అని పిన్నిగారు.

మా అత్తయ్యగారు మాత్రం ఆ వాదనలోకి రాలేదు. ఆవిడ ఇంకా మొదటి పేజీల దగ్గరే ఉండిపోయారు, చిన్నపిల్లగా ఉండగానే బొట్టు పోవడం దగ్గర. కాసేపటికి నెమ్మదిగా, "నేను ఆ రోజు ఒక పేరు చెప్పలేదు" అన్నారు.

ఆవిడకి ఒక మేనత్త ఉండేదట, తండ్రికి అక్క. ఏడేళ్లకే భర్త పోయాడు. వీరేశలింగం గారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేసింది 1881లో. అది జరిగి నలభై ఏళ్లయినా మా మెట్ట ఊళ్లదాకా ఆ గాలి రాలేదు మరి. ఆవిడ పుట్టింట్లోనే ఉండిపోయింది. గొడ్లని చూసింది, పొయ్యి చూసింది, తమ్ముడి పిల్లలందర్నీ పెంచింది. మా అత్తయ్యగారికి తల దువ్వింది, అన్నం కలిపి పెట్టింది ఆవిడే. ఇంట్లో శుభకార్యమైతే మాత్రం కనపడకూడదు. బళ్లోకి వెళ్లే పిల్లలు కూడా ఆవిడ ఎదురొస్తే వెనక్కి వచ్చి మంచినీళ్లు తాగి వెళ్లేవాళ్లట.

"నేనూ అట్టాగే చేసేదాన్ని" అన్నారు అత్తయ్యగారు. "నా పెళ్లినాడు తెల్లారుజామున నన్ను లేపింది ఆవిడే. తరవాత గొడ్లచావిట్లోకి వెళ్లి కూర్చుంది. పల్లకీ కదిలేదాకా బయటికి రాలేదు. వెళ్లొస్తానని చెప్పడానికి నేనూ చావిట్లోకి వెళ్లలేదు. వెళ్లొచ్చు కదా? ఎవరాపారు? నాకే భయం, అపశకునమని. ఆ పై ఏడాది ఆవిడ పోయింది."

ఎవరం మాట్లాడలేదు. అత్తయ్యగారి కళ్లలో నీళ్లు. చేతులనిండా కారం, తుడుచుకోవడానికి లేదు. వదిన లేచి తన కొంగుతో తుడిచింది. ఆ చేతులతోనే అత్తయ్యగారు మళ్లీ తొడిమలు తీయడం మొదలుపెట్టారు. కాసేపయ్యాక నేను, "ఆవిడ పేరేమిటత్తయ్యా?" అని అడిగాను. చెప్పారు. డెబ్భై ఏళ్లు దాటిన మనిషి, ఆ పేరు పైకి అనడం అదే మొదటిసారట. చిన్నప్పుడంతా 'అత్త' అనే పిలుపే.

ఆ పేరు ఇక్కడ అచ్చు వేయను. "పత్రికలో వద్దులే, మన ఇంట్లో ఉంటే చాలు" అన్నారు అత్తయ్యగారు. మా ఇంట్లో తద్దినాల రోజున చదివే పేర్ల కాగితం ఒకటుంది, అంతా మగవాళ్లూ, వాళ్ల భార్యలూ. ఈ ఉగాదికి మా వారే ఆ కాగితం తెచ్చి, మేనత్తగారి పేరు ఎక్కడ రాయాలని వాళ్లమ్మని అడిగారు. "ముందు రాయరా" అన్నారావిడ.

నేనీ పుస్తకాన్ని అంతకుముందు రెండేళ్ల కిందటే ఒక్కదాన్నే చదివాను. బాగుంది అనుకుని బీరువాలో పెట్టేశాను. అప్పుడు నాకు కోటేశ్వరమ్మ గారి సంగతే తెలిసింది. పైకి చదివితేనే మా ఇంటి సంగతి తెలిసింది. పాతికేళ్లుగా ఒకే కప్పు కింద ఉంటున్నాం, ఆవిడ ఎందుకు ఏ పేరంటానికి వెళ్లినా వెనక వరసలో ఉన్నవాళ్లని వెతికి పలకరిస్తారో నాకు ఇప్పుడర్థమైంది.

మా అమ్మ పుస్తకం

చివరిది వంటల పుస్తకం. వంటల పుస్తకాన్ని ఎవరైనా పైకి చదువుకుంటారా అనకండి! మాలతీ చందూర్ గారి 'వంటలు - పిండివంటలు', మా అమ్మ వాడిన ప్రతి. అట్ట ఎప్పుడో పోతే క్యాలెండరు కాగితం చుట్టింది. మాలతి గారు కూడా మన నూజివీడులో పుట్టినావిడే. ఆంధ్రప్రభ వారపత్రికలో 'ప్రమదావనం' శీర్షికతో దశాబ్దాలపాటు ఆడవాళ్ల ప్రశ్నలకి జవాబులిచ్చారు. ఇంగ్లీషు నవలల్ని 'పాత కెరటాలు' పేరుతో మనలాంటి వాళ్లకి విడమరిచి చెప్పారు. 'హృదయనేత్రి' నవలకి 1992లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. 2013లో పోయారు. ఆవిడ చెప్పకపోతే ఎక్కడెక్కడి నవలలో మా అమ్మకి తెలిసేవే కావు. మా అమ్మ చెప్పకపోతే నాకూ తెలిసేవి కావు.

ఆ పుస్తకం అంచుల్లో మా అమ్మ పెన్సిలుతో రాసుకున్న మాటలున్నాయి. ఒకచోట "బెల్లం తగ్గించాలి". ఒకచోట "నెయ్యి అయిపోయింది, నూనెతో చేశాను, ఎవరూ కనిపెట్టలేదు". ఇంకోచోట ఒక పచ్చడి పక్కన, "మిరపకాయలు నాలుగు తగ్గించాలి, పిల్ల తినదు" అని. ఆ పిల్ల నేనే. అమ్మ పోయి ఆరేళ్లయింది. ఆ మాట పైకి చదివాక ఆ పూట ఇక చదవలేకపోయాను. వాళ్లూ చదవమనలేదు.

మీ ఇంట్లో కూడా ఇలాంటి పాత వంటల పుస్తకమో, సీరియల్ కాగితాలు కుట్టుకున్న బైండో ఉంటే, పాత పేపర్లవాడికి వేసేముందు ఒక్కసారి అంచులు చూడండి.

ఇంతకీ నేను చెప్పొచ్చేదేమిటంటే, చదువు వచ్చినవాళ్లు ఇంట్లో ఒక్కరుంటే చాలు. తీరిక దొరికాక చదువుదాం అనుకుంటే మనకి తీరిక ఎప్పటికీ దొరకదు. చేతులు పనిలో ఉన్నప్పుడే చెవులు ఖాళీగా ఉంటాయి. చిక్కుడుకాయలు ఒలిచేటప్పుడో, అప్పడాలు ఒత్తేటప్పుడో ఒకరు చదవండి, మిగతావాళ్లు వినండి. చిన్న కథలతో మొదలుపెట్టండి. అర్థం కానిచోట దాటించేయండి, ఎవరూ మార్కులు వెయ్యరు. మధ్యలో ఎవరైనా తమ సంగతి చెప్పడం మొదలుపెడితే మాత్రం పుస్తకం మూసేయండి, అది విన్నాక మళ్లీ తెరవచ్చు.

అన్నట్టు, తొడిమలు తీసేముందు చేతులకి కొబ్బరినూనె రాసుకుంటే మంట తక్కువగా ఉంటుంది. పనయ్యాక మళ్లీ కాస్త నూనె రుద్దుకుని, ఆ తరవాత సబ్బుతో కడుక్కోండి. కళ్లు మాత్రం ముట్టుకోకండి. ముట్టుకోవాల్సివస్తే పక్కవాళ్ల కొంగు ఉండనే ఉంది.

వచ్చేసారి మా అత్తయ్యగారు ఒక అపరాధ పరిశోధన నవల కావాలంటున్నారు. "ఏడిపించేవి చాలు, ఎవరు చంపారో చెప్పేది తీసుకురా" అని హుకుం. విజయవాడ వెళ్లినప్పుడు ఏలూరు రోడ్డులో వెతకాలి. దొరికితే ఆ సంగతులు మళ్లీ రాస్తాను.